స్వదేహవైర రోగములు: చిట్టెలుకలవలన తెలిసిన సంగతులు

ఊరిలో రాత్రివేళ దొంగలు ప్రవేశించినయెడల కావలివాడు కేకవేయును. ఆ కేక విని యొకడు డప్పు వాయించును. డప్పు విని పడుచువారు కఱ్ఱలు గైకొని వీధిలోనికి వత్తురు. దొంగలు పాఱిపోయిన పిమ్మట ఊరిపెద్ద "ఇక చాలును, ఇండ్లకు పొండు" అని చెప్పును. ఈ కడపటి మాట చెప్పువాడు లేకున్న నేమగును? కఱ్ఱలు పట్టినవారు చీకటిలో తమ పొరుగువానినే దొంగ యని కొట్టవచ్చును. మన దేహములోను ఇట్టి కేకలును, డప్పులును, "చాలు" అను మాటలును గలవు. అవి శబ్దములు గావు. కంటికి కానరాని మాంసకృత్తులు. ఒక కణము వానిని విడుచును. వేఱొక కణము తన పైపొరమీద నున్న గ్రాహకము లనెడి చెవులతో వానిని అందుకొనును. ఈ వార్తలలో తప్పు కలిగినపుడు, రక్షణకై యున్న తెల్ల రక్తకణములు తాము కాపాడవలసిన దేహమునే శత్రువని యెంచి పాడుచేయును. అట్లు కలుగు వ్యాధులను వైద్యులు ఆటోఇమ్యూను వ్యాధు లందురు. ఈ వ్యాసమున వానిని స్వదేహవైర రోగములని పిలుతము.

విద్యార్థులారా, ఇది పరీక్షకొఱకు మాత్రమే చదువవలసిన విషయము గాదు. ఉదయమున లేవగానే వ్రేళ్ళు బిగిసికొనిపోయి నీళ్ళచెంబైనను ఎత్తలేని తల్లులు మన యిండ్లలో గలరు. అది రుమటాయిడ్ కీళ్ళవాతము కావచ్చును. ముక్కుమీదను చెక్కిళ్ళమీదను ఎఱ్ఱని దద్దు వ్యాపించి, జ్వరముతోను కీళ్ళనొప్పులతోను బాధపడి, తుదకు మూత్రపిండములు చెడు యువతులు గలరు. అది లూపస్ వ్యాధి. లూపస్ పీడితులలో పదుగురికి తొమ్మండుగురు స్త్రీలే. ఏమి తిన్నందున వచ్చినది, ఎవరి దోషమున వచ్చినది అని బంధువులు వారిని అడుగుచుందురు. శాస్త్రజ్ఞు లడిగిన ప్రశ్న వేఱు. ఏ వార్త తప్పినది? చెప్పవలసిన నోరు చెప్పలేదా, వినవలసిన చెవి వినలేదా? ఈ ప్రశ్నకు ఉత్తరము చాలవఱకు చిట్టెలుకలవలన దొరికినది.

దేహము తన్ను తాను హింసించుకొనునను మాటను వైద్యలోకము చిరకాలము నమ్మలేదు. జర్మనీ దేశపు పాల్ ఎర్లిక్ 1900వ సంవత్సర ప్రాంతమున మేకలమీద ఒక పరీక్ష గావించెను. ఒక మేక రక్తమును మఱియొక మేకకు ఎక్కింపగా, పుచ్చుకొన్న మేక ఆ పరరక్తకణములను కరగించు ప్రతిరక్షకములను పుట్టించెను. కాని అవి తన సొంత కణములను ముట్టలేదు. దేహము తన్ను తాను విషపఱచుకొనుటకు వెఱచునని ఎర్లిక్ చెప్పి, ఆ వెఱపునకు లాటిను భాషలో నొక పేరు పెట్టెను. పేరు గంభీరముగా నుండుటచేత గాబోలు, పలువురు వైద్యులు దానిని దాటరాని నియమముగా గ్రహించిరి. 1904లో వియన్నా నగరమున డొనాత్, లాండ్‌స్టయినరు అను నిరువురు, చలి తగిలినపుడు తమ ఎఱ్ఱకణములనే నాశనము చేసికొను రోగులను చూపిరి. అయినను పాత నమ్మకము మఱి యర్ధశతాబ్దము నిలిచినది.

ఆ నమ్మకమును సడలించినవానిలో న్యూజీలండు దేశపు నల్లని చిట్టెలుక యొకటి. డునెడిన్ పట్టణమున ఒటాగో వైద్యకళాశాలలో మేరియాన్ బీల్‌షోవ్‌స్కీ అను విదుషి చిట్టెలుకలను తరతరములుగా పెంచుచుండెను. వానిలో ఒక నల్ల జాతి యెలుకలు కొన్ని నెలల వయస్సు వచ్చుసరికి రక్తహీనతతో పాలిపోవుచుండెను. ఎవరును వానికి సూదిమందు ఎక్కింపలేదు. ఏ క్రిమియు సోకినట్లు కానరాలేదు. వాని ప్రతిరక్షకములే వాని ఎఱ్ఱకణములను నాశనము చేయుచున్నవని ఆమెయు, హెల్యర్, హౌయీ అను సహచరులును 1959వ సంవత్సరమున ప్రకటించిరి. తరువాత ఆ నల్ల యెలుకలను న్యూజీలండు తెల్ల యెలుకలతో జతపఱచగా పుట్టిన సంతతికి రక్తహీనతకు మాఱుగా మూత్రపిండముల వ్యాధి వచ్చెను. అది మనుష్యుల లూపస్ వ్యాధిని మిక్కిలి పోలియుండెను. ఆడయెలుకలు ముందుగా జబ్బుపడి, చాలవఱకు ఏడాది నిండునంతలో చనిపోవుచుండెను. మగవి అంతకంటె కొన్ని నెలలు ఎక్కువ బ్రదుకుచుండెను.

చిట్టెలుకయే యేల యని అడుగవచ్చును. చూలు మూడు వారములు మాత్రమే. పుట్టిన పిల్ల రెండు నెలలకు తానే పిల్లలు పెట్టును. అన్నచెల్లెండ్రను ఇరువది తరములు వరుసగా జతపఱచినయెడల ఆ జాతిలోని యెలుకలన్నియు కవలలవలె ఒక్కటే వంశలక్షణము గలవి యగును. అప్పుడు ఒక్క జన్యువును మార్చి, తక్కినదంతయు యథాతథముగా నుంచి, భేదము చూడవచ్చును. జన్యువనగా కణములో నున్న వంశపు వ్రాత. ఒక్కొక్క మాంసకృత్తునకు దాని వ్రాత వేఱుగా నుండును. మనుష్యులయందు ఇట్టి పరీక్ష చేయుట అసాధ్యము, అధర్మము కూడ.

న్యూజీలండు యెలుకల వ్యాధికి జన్యువులు పెక్కు కారణములగుటచే చిక్కు విప్పుట కష్టమైనది. అంతకంటె తేటగా మాటలాడిన యెలుక అమెరికా దేశమున మేయిన్ రాష్ట్రపు జాక్సన్ ప్రయోగశాలలో దొరకినది. అచ్చట మర్ఫీ, రాత్స్ అనువారు 1970ల చివర వర్ణించిన ఒక జాతిలో మెడక్రిందను చంకలలోను లింఫు గ్రంథులు గోలీకాయలవలె ఉబ్బి, దేహమంతయు తెల్లకణములతో నిండిపోవుచుండెను. ఆ యెలుకలు కొద్ది నెలలలో లూపస్ వంటి వ్యాధితో చచ్చును. లోపము ఒక్కటే జన్యువులో నున్నదని లెక్కవలన తెలిసినది గాని, ఆ జన్యువు ఏదో తెలియలేదు.

1992వ సంవత్సరమున జపాను దేశమున ఒసాకా నగరమునందు షిగెకాజు నగాటాయు ఆయన సహచరులును ఆ జన్యువును పట్టుకొనిరి. అది ఫాస్ అను గ్రాహకముయొక్క వ్రాత. ఫాస్ అనగా కణపు పైపొరమీది యొక చెవి. ఆ చెవికి వినబడు మాట యొక్కటియే: "నీ పని తీఱినది, మరణింపుము." మాట భయంకరముగా దోచును గాని దేహమునకు అది మిక్కిలి యవసరము. క్రిములతో పోరాడుటకు తెల్లకణములు కొద్దిదినములలో వేలరెట్లు పెరుగును. పోరాటము ముగిసిన తరువాత అందులో ఎక్కువభాగము శాంతముగా చావవలెను. పుట్టుకలోనే స్వదేహమును కఱచు గుణము గల కణములు కూడ ఇట్లే తొలగింపబడును. ఆ జబ్బు యెలుకలో ఫాస్ వ్రాతనడుమ మఱియొక పొడవైన వ్రాత దూరి, పద్యము నడుమ పరవాక్యము చొచ్చినట్లు అర్థమును చెఱచినది. కణములకు చెవి లేదు గనుక చావుమను మాట వినబడదు. అవి చావవు, నానాటికి కూడుకొనును.

ఇంతకంటె చిత్రమైన సంగతి మఱియొకటి కలదు. ఇదే రూపమున గ్రంథు లుబ్బు వేఱొక యెలుకజాతి గలదు. దాని ఫాస్ గ్రాహకము చక్కగానే యున్నది. మఱి లోపమెక్కడ? 1994లో తెలిసినది: ఫాస్‌తో అతుకుకొని ఆ మాట చెప్పవలసిన మాంసకృత్తులో ఒక్క అంశము మాఱియున్నది. మొదటి యెలుక చెవిటిది, రెండవది మూగది. వ్యాధి మాత్ర మొక్కటే. తరగతిలో ఈ రెండు యెలుకల కథ చెప్పునపుడు నేను అచ్చట నాపి, జవాబును విద్యార్థులనే కనుగొనుమందును. ఎవరో యొకరు తప్పక కనుగొందురు. అటుపిమ్మట 1995లో, చిన్ననాటనుండి గ్రంథులు ఉబ్బియుండి తమ రక్తకణములను తామే నాశనము చేసికొను కొందఱు పిల్లలయందు ఫాస్ జన్యువే చెడియున్నట్లు ఫ్రాన్సులోను అమెరికాలోను వైద్యులు కనుగొనిరి. పేరు తెలియని రోగముతో తిరుగుచున్న ఆ పిల్లల తల్లిదండ్రులకు చిట్టెలుక పేరు చెప్పినది.

"చాలు" అను మాట వినబడకపోవుట ఒక లోపము. "లెండు, లెండు" అను కేక రెట్టింపగుట మఱియొక లోపము. మర్ఫీ, రాత్స్ పెంచిన వేఱొక జాతిలో వింతగా మగయెలుకలే ముందుగా లూపస్‌తో చచ్చుచుండెను. తండ్రినుండి కొడుకునకు వచ్చు వై క్రోమోసోములో ఏదో కీడు ఉన్నదని అందఱు నెఱుగుదురు. ఏమి కీడో పాతికేండ్లకు పైగా తెలియలేదు. 2006లో తెలిసినది. ఎక్స్ క్రోమోసోముననుండి ఒక తునక తెగి వై కొనకు అతుకుకొన్నది. ఆ తునకలో టి.ఎల్.ఆర్.7 అను గ్రాహకపు జన్యువు గలదు. కావున మగయెలుకకు ఒక్కటి యుండవలసినచోట రెండున్నవి.

ఈ టి.ఎల్.ఆర్.7 పని యేమి? ఇన్‌ఫ్లుయెంజా మొదలగు వైరసులలో ఆర్.ఎన్.ఏ. అను పదార్థమున్నది. వైరసు కణములోనికి వచ్చినపుడు దాని ఆర్.ఎన్.ఏ.ను ఆనవాలుపట్టి కేకవేయుట ఈ గ్రాహకము పని. చిక్కెక్కడ ననగా, మన సొంత కణములలోను ఆర్.ఎన్.ఏ. యున్నది. చచ్చిన కణముల శిథిలములు సరిగా తుడిచివేయబడనిచో అందలి ఆర్.ఎన్.ఏ.ను చూచి ఈ కావలివాడు మోసపోవచ్చును. కావలివాడు ఒక్కడైనపుడు ఆ చిన్న తప్పునకు ఊరు లేవదు, ఇద్దఱైనపుడు లేచును. పరిశోధకులు ఆ మగయెలుకలలో అదనపు టి.ఎల్.ఆర్.7ను ఒక్కదానికి తగ్గింపగా వ్యాధి చాలవఱకు తగ్గెను.

ఇచ్చట స్త్రీల సంగతి మరల వచ్చుచున్నది. టి.ఎల్.ఆర్.7 జన్యువు ఎక్స్ మీద నున్నది. స్త్రీకి ఎక్స్ క్రోమోసోములు రెండు, పురుషునకు ఒకటి. స్త్రీ కణములలో రెండింట నొకటి సాధారణముగా మూతపడియుండును. కాని ఈ జన్యువు కొన్ని తెల్లకణములలో ఆ మూతను తప్పించుకొనునని 2018లో ఫ్రాన్సు దేశపు పరిశోధకులు చూపిరి. పుట్టుకలోనే రెండు ఎక్స్‌లును ఒక వైయు గల పురుషులకు లూపస్ భయము స్త్రీలకున్నంత యుండుటయు దీనికి తగియున్నది. స్త్రీలకు ఈ వ్యాధి ఎక్కువగుటకు ఇదొక్కటే కారణమని చెప్పరాదు. కాని ఇది గట్టి కారణములలో నొకటి.

2022లో కారోలా వినుయేసాయు ఆమె సహచరులును స్పెయిన్ దేశపు ఒక లూపస్ బాలికయందు టి.ఎల్.ఆర్.7 వ్రాతలో ఒక్క అక్షరము మాఱియుండుట గమనించిరి. అది కారణమా, కాకతాళీయమా? వారు చిట్టెలుక జన్యువులో అదే మార్పును చేసిరి. యెలుకలకు లూపస్ వచ్చెను. యెలుకనుండి మనుష్యునకు నడచిన విద్య ఇచ్చట మనుష్యునినుండి యెలుకకు మరలి వచ్చి సాక్ష్యము పుచ్చుకొన్నది. నాకు ఈ పరిశోధన యంతటిలో మిక్కిలి మెచ్చదగినదిగా తోచినది ఇదియే.

కావలివాని కేక విన్న కణములు డప్పు వాయించును. ఆ డప్పే ఇంటర్ఫెరాను. 1957లో లండనునగరమున ఐజాక్స్, లిండెన్‌మన్ అనువారు వైరసులను అడ్డగించు పదార్థముగా దీనిని కనుగొనిరి. న్యూజీలండు నల్ల యెలుకలలో ఇంటర్ఫెరాను వినెడి గ్రాహకమును తీసివేయగా రక్తహీనతయు మూత్రపిండ వ్యాధియు తగ్గి ఆయుస్సు పెరిగెనని 2003లో తెలిసినది. ఇక డప్పును మూయించిన చాలునని సంతోషింపవచ్చును గదా! మఱుసటి సంవత్సరమే, ఫాస్ లేని చెవిటి యెలుకలలో అదే గ్రాహకమును తీసివేసి చూచిరి. వాని వ్యాధి తగ్గుటకు మాఱుగా హెచ్చెను. ఒకే వార్తావాహకము ఒక యింట కొంప గాల్చును, మఱియొక యింట నిప్పార్పును. మనుష్యులలో మొదటి యెలుక చెప్పినదే చాలమందియెడ నిజమైనట్లున్నది. ఇంటర్ఫెరాను గ్రాహకమును కప్పివేయు అనిఫ్రోలుమాబ్ అను మందునకు 2021లో అమెరికా దేశపు అనుమతి లభించెను.

ఒక నేరమునకు తప్పు ముద్దాయిని పట్టిన కథయు కలదు. దానిని క్లుప్తముగా చెప్పెదను. ఇంటర్ల్యూకిను 12 అను వార్తావాహకము రెండు ముక్కల జత. అందొక ముక్కను తీసివేయగా చిట్టెలుకలకు మెదడు వెన్నుపాముల నరపుపొరను తినివేయు స్వదేహవైరము రాలేదు. దోషి దొరకెనని చిరకాలము అనుకొనిరి. పిమ్మట ఆ ముక్కయే ఇంటర్ల్యూకిను 23 అను వేఱొక జతలోను ఉన్నదని తెలిసినది. 2003లో కాలిఫోర్నియాలోని పరిశోధకులు ఆ రెంటికి ఉమ్మడి కాని ముక్కలను వేఱువేఱుగా తీసివేసి చూచిరి. 12 లేని యెలుకలకు వ్యాధి వచ్చెను. 23 లేనివానికి రాలేదు. గణితములో ఉమ్మడి పదమును తీసివేసి తక్కినదానిని చూచుట మనమెఱిగినదే. దాని ఫలముగా 23ను మాత్రమే అడ్డగించు మందులు సోరియాసిస్ అను చర్మవ్యాధికి నేడు వాడుకలో నున్నవి.

కీళ్ళవాతము సంగతికి వత్తము. ట్యూమర్ నెక్రోసిస్ ఫాక్టర్ అను పొడవైన పేరుగల మాంసకృత్తు ఒకటి కలదు, సంక్షేపముగా టి.ఎన్.ఎఫ్. అందురు. కొన్ని కంతులను ఎండిపోవునట్లు చేయుటచేత 1975లో దానికి ఆ పేరు వచ్చెను. 1991లో ఏథెన్సు నగరమున జార్జి కొల్లియాస్ బృందమువారు మనుష్యుల టి.ఎన్.ఎఫ్. జన్యువును చిట్టెలుకలలో ఉంచి, అది అదుపులేక పుట్టునట్లు చేసిరి. వేఱేమియు చేయకయే ఆ యెలుకల కాళ్ళ కీళ్ళు వాచి, మృదులాస్థి తినివేయబడి, అవి ఈడ్చుకొని నడువసాగెను. టి.ఎన్.ఎఫ్.ను పట్టివేయు ప్రతిరక్షకము నిచ్చినపుడు కీళ్ళవాతము రాలేదు. లండనులో మార్క్ ఫెల్డ్‌మన్, రవీందర్ మైనీ అను వైద్యశాస్త్రజ్ఞులు వేఱుదారిని, రోగుల కీళ్ళనుండి తీసిన పొరలను పరిశీలించి, ఇదే నిర్ణయమునకు వచ్చియుండిరి. 1992లో వారు కొలదిమంది రోగులకు అట్టి ప్రతిరక్షకమునే ఇచ్చి చూడగా, ఇతర మందులకు లొంగని వాపులు కొన్ని వారములలోనే తగ్గెను.

అంతకుముందు మందులే లేవని కాదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనలకు అధ్యక్షులుగా నుండిన అమెరికాలోని లెడర్లీ సంస్థలో, 1940లలో రక్తపు క్యాన్సరుకొఱకు మెథోట్రెక్సేటు సిద్ధపఱుపబడినది. అదే మందు చిన్న మోతాదున, వారమున కొకసారి చొప్పున, నేటికిని రుమటాయిడ్ కీళ్ళవాతమునకు వైద్యులు సాధారణముగా మొట్టమొదట వ్రాయు మందు. దానికి లొంగనివారికే పైని చెప్పిన ఖరీదైన మందు.

అట్లయిన టి.ఎన్.ఎఫ్. దుష్టపదార్థమా? 1988లోనే స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున జేకబ్, మెక్‌డెవిట్ అనువారు న్యూజీలండు సంకరజాతి యెలుకలకు టి.ఎన్.ఎఫ్.ను సూదిద్వారా ఇచ్చి చూచిరి. మూత్రపిండ వ్యాధి ఆలస్యమాయెను! ఏథెన్సు యెలుక కీళ్ళను తిన్న పదార్థమే ఈ యెలుక మూత్రపిండములను కాపాడినది. టి.ఎన్.ఎఫ్.ను అణచు మందు పుచ్చుకొన్న కీళ్ళవాత రోగులలో కొందఱికి లూపస్ వంటి లక్షణములు కానవచ్చుట దీనికి తోడు. మెదడు నరముల స్వదేహవైరము గల యెలుకలలో టి.ఎన్.ఎఫ్.ను అడ్డగించిన మేలు కలిగెను. ఆ ఆశతో అట్టి మందును మనుష్యులకు ఇచ్చి చూడగా, వారి వ్యాధి హెచ్చెనని 1999లో వెల్లడియైనది. ఎలుక చెప్పినదెల్ల మనుష్యునియెడ నిజము గాదు.

మన దేశపువారు ప్రత్యేకముగా తెలిసికొనవలసిన సంగతి యొకటి మిగిలినది. క్షయక్రిమి ఊపిరితిత్తులలో ప్రవేశించినపుడు తెల్లకణములు దానిచుట్టు గోడ కట్టి బంధించును. అనేకులలో ఆ క్రిమి రోగము కలిగింపక ఏండ్లకొలది ఆ చెఱలోనే పడియుండును. ఆ గోడను నిలుపు వార్తలలో టి.ఎన్.ఎఫ్. ముఖ్యమైనది. దాని గ్రాహకము లేని చిట్టెలుకలు క్షయక్రిమి సోకినంతనే త్వరలో చనిపోవునని 1995లో తెలిసినది. టి.ఎన్.ఎఫ్.ను అణచు మందు పుచ్చుకొన్న రోగులలో దాగియున్న క్షయ కొందఱికి బయటపడుచున్నదని 2001లో వైద్యులు ప్రకటించిరి. అందుచేత ఆ మందును మొదలుపెట్టుటకు ముందు రొమ్ముకు ఎక్స్‌రే తీయించి, క్షయపరీక్ష చేయింతురు. క్రిమి దాగియున్నట్లు తోచిన, ముందుగా దానికి తగిన మందు కొన్నివారములైన నిచ్చి, ఆ పిమ్మటనే కీళ్ళవాతపు సూదిని వేయుదురు. మీ యింట ఎవరికైన ఈ చికిత్స చేయదలచినపుడు, ఇంటిలోగాని వంశములోగాని క్షయ వచ్చినవా రుండినయెడల ఆ మాటను దాచక వైద్యునితో మొదటిదినముననే చెప్పుడు.